కణజాలములలో ఖటిక రేణువులు: నివురా, నిప్పా?

ఉద్యోగ విరమణ చేసిన వైద్యునికి రోగులు తగ్గుతారు గాని ప్రశ్నలు తగ్గవు. పూర్వము నా గది బయట బల్ల మీద కూర్చుని వేచియుండినవారు ఇప్పుడు పరీక్షల నివేదికలను ఫోనులో ఫొటోలు తీసి పంపుతున్నారు. వాటిలో ఈ మధ్య నాకు తరచుగా ఎదురయ్యే మాట 'కాల్సిఫికేషన్'. ఒకరికి ఊపిరితిత్తిలో, ఒకరికి మెదడులో, మరొకరికి రొమ్ములో, ఇంకొకరికి గుండె ధమనులలో, భుజపు స్నాయువులో. నివేదిక వెంట వచ్చే ప్రశ్న మాత్రము దాదాపు ఒక్కటే: "డాక్టరు గారూ, ఒంట్లో కాల్షియం పేరుకున్నదట. కాల్షియం బిళ్ళలు మానెయ్యమంటారా?"

ఈ ప్రశ్న వెనుక రెండు అపోహలు ఉన్నాయి. కనిపించిన నిక్షేపమే రోగమనుకోవడము మొదటిది. తిన్న కాల్షియమే అక్కడికి పోయి పేరుకున్నదనుకోవడము రెండవది. పైకి ఇవి అమాయకమైన ఊహలే. కాని వీటి వలన కొందరు అక్కరలేని భయముతో నిద్ర పోగొట్టుకుంటున్నారు. మరికొందరు తప్పక చేయించుకోవలసిన పరీక్షను వాయిదా వేసుకుంటున్నారు. ఈ రెండవ రకపు నష్టము మా కుటుంబములోనే జరుగబోయి తృటిలో తప్పినది. అందువలన ఈ విషయమును కొంత వివరముగా వ్రాయదలచాను.

శరీరములో ఖటికము

కాల్షియమును తెలుగులో ఖటికము అని కూడ అంటారు. పెద్దవారి శరీరములో సుమారు 1 కిలోగ్రాము ఖటికము ఉంటుంది. దానిలో 99 శాతము ఎముకలలోను, దంతములలోను ఉంటుంది. మిగిలిన కొద్దిపాటి ఖటికము రక్తములోను, ఇతర కణజాలములలోను ఉండి కండరములు ముడుచుకొనుటకు, నాడులు సంకేతములు పంపుటకు, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడుతుంది. రక్తములో దాని పరిమాణము 100 మిల్లీలీటర్లకు సుమారు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలకడగా ఉంటుంది. పారాథైరాయిడ్ గ్రంథులు, విటమిన్ డి, మూత్రపిండములు, ఎముకలు కలిసి ఆ నిలకడను కాపాడుతాయి. ఆరోగ్యవంతుడు ఒకనాడు నాలుగు గ్లాసుల పాలు త్రాగినా, మరునాడు ఒక చుక్క త్రాగకపోయినా ఆ పరిమాణము పెద్దగా మారదు.

బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టుట మనకు తెలిసినదే. శరీరములో నిక్షేపములు కూడ ఆ విధముగానే కడతాయని పలువురు భావిస్తారు. అయితే గిన్నెకు ప్రాణము లేదు, కణమునకు ఉన్నది. కణము వెలుపల ఉన్న ద్రవముతో పోల్చితే కణము లోపల విడిగా తిరిగే ఖటికము సుమారు 10,000 రెట్లు తక్కువ. లోనికి చొరబడిన ఖటికమును బ్రతికి ఉన్న కణము తన పొరలోని పంపులతో అనుక్షణము బయటకు తోడివేస్తూనే ఉంటుంది. అలా తోడుటకు శక్తి కావాలి. కణము తీవ్రముగా దెబ్బతిన్నా, మరణించినా తోడే పని ఆగిపోతుంది. అప్పుడు ఖటికము లోనికి వచ్చి, శిథిలమైన పొరల మీద ఫాస్ఫేటుతో కలిసి స్ఫటికములుగా మారుతుంది. చాలా చోట్ల ఈ స్ఫటికములు ఎముకలోని ఖనిజము వంటివే. వాటిని హైడ్రాక్సీ ఎపటైట్ అంటారు.

దెబ్బతిన్న కణజాలములో ఈ విధముగా ఏర్పడే నిక్షేపమును వైద్యులు డిస్ట్రోఫిక్ కాల్సిఫికేషన్ అంటారు. మనము నివేదికలలో చూసే నిక్షేపములలో అధిక భాగము ఈ తరగతివే. ఇటువంటివారిలో రక్తపు ఖటికము సాధారణముగానే ఉంటుంది. దోషము పాలలో లేదు, రాగులలో లేదు, బిళ్ళలో లేదు. ఆ చోట కణజాలమునకు ఎప్పుడో ఏదో జరిగినది. నిప్పు మండిన చోట నివురు మిగిలినట్లు, జరిగినదానికి గుర్తుగా ఒక తెల్లని రేణువు మిగిలినది. నివురును చూసి భయపడనక్కరలేదు. అడుగున నిప్పు పూర్తిగా ఆరినదా, లేక నివురుగప్పి ఉన్నదా అనునది మాత్రము తేల్చుకోవాలి. కాల్సిఫికేషన్ గురించి వైద్యుడు వేసుకునే ప్రశ్నలన్నీ చివరకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

రెండవ తరగతి ఒకటి ఉన్నది. రక్తములో ఖటికము గాని, ఫాస్ఫేటు గాని హద్దు మీరినపుడు దెబ్బతినని కణజాలములలో కూడ, ముఖ్యముగా మూత్రపిండములు, ఊపిరితిత్తులు, జీర్ణాశయపు లోపొర, రక్తనాళముల గోడలలో లవణములు చేరుతాయి. దీనికి మెటాస్టాటిక్ కాల్సిఫికేషన్ అని పేరు. ఈ పేరు చూసి కాన్సరు ప్రాకినదని బెదిరిపోవద్దు. ఇక్కడ ఆ మాటకు ఆ అర్థము లేదు. పారాథైరాయిడ్ గ్రంథులలో పెరుగుదలలు, దీర్ఘకాలపు మూత్రపిండ వైఫల్యము, కొన్ని రకముల కాన్సర్లు, విటమిన్ డి మితిమీరుట దీనికి కారణములు. చివరి కారణము మన చేతులలో ఉన్నది. మోకాళ్ళు నొప్పి అనగానే రక్తపరీక్ష లేకుండ 6 లక్షల యూనిట్ల విటమిన్ డి సూదిమందును మళ్ళీ మళ్ళీ వేయించుకునేవారిని నేను ఎందరినో చూశాను. వారానికి ఒకసారి వేసుకోవలసిన 60,000 యూనిట్ల మందును రోజూ వేసుకొని, వాంతులతో, విపరీతమైన దాహముతో, మందగించిన మూత్రపిండములతో వచ్చినవారు కూడ ఉన్నారు. బలమునకు వాడే మందునకైనా ఒక కొలత ఉంటుంది.

ఆరిన నిప్పులు

మన దేశములో ఛాతీ ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తిలో చిన్న తెల్లని చుక్క కనిపించడము అరుదు కాదు. బాల్యములో ఎప్పుడో క్షయ సూక్ష్మజీవి లోనికి వచ్చి ఉంటుంది. శరీరపు రక్షణ కణములు దానిని చుట్టుముట్టి గోడ కట్టి ఉంటాయి. ఆ యుద్ధము జరిగిన చోట చివరకు ఖటికము చేరుతుంది. ఆ మనిషికి తనకు వ్యాధి సోకిన సంగతే తెలియకపోవచ్చును. ఉద్యోగమునకో, విదేశయానమునకో పరీక్ష చేయించుకున్న యువకులు ఈ చుక్కను చూపించి కంటతడి పెట్టుకుంటారు. లక్షణములు లేకుండ, పాత ఫిల్ములతో పోల్చినపుడు మార్పు లేకుండ ఉన్న గట్టి చుక్క సాధారణముగా గెలిచిన యుద్ధపు గుర్తు. అయితే రెండు వారములకు మించి దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట ఉంటే చుక్క గట్టిపడినదన్న ధీమాతో ఊరుకోకుండ కఫము పరీక్ష చేయించుకోవాలి.

మెదడు సీటీ స్కానులో పీనియల్ గ్రంథి తెల్లగా కనిపించుట పెద్దవారిలో సర్వసాధారణము. దానికి చికిత్స అక్కరలేదు. కటి భాగపు సిరలలో ఏర్పడే గుండ్రని ఫ్లీబోలిత్‌లు కూడ హాని లేనివే. కొన్నిసార్లు వాటిని మూత్రనాళపు రాళ్ళని పొరబడుతుంటారు. మెదడులోని కొన్ని చుక్కలు మాత్రము బద్దెపురుగు డింభకము చనిపోయి గట్టిపడినవి. పురుగు చచ్చిపోయినది కనుక పురుగును చంపే మందులతో ప్రయోజనము లేదు. కాని ఆ మచ్చ చుట్టూ ఉన్న మెదడు మూర్ఛలకు కారణము కావచ్చును. కనుక మూర్ఛల మందును సొంతముగా ఆపరాదు. నిప్పు ఆరినా కొంత వేడి మిగిలియుండే సందర్భమిది.

భుజపు స్నాయువులో చేరే ఖటికము మరొక వింత చూపిస్తుంది. అది పేరుకుంటున్న కాలములో మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు. శరీరము దానిని కరిగించుకోవడము మొదలుపెట్టినపుడు రాత్రి పడుకోలేనంత నొప్పి వస్తుంది. అంటే ఆ బాధ చాలా మందిలో మాయుటకు ముందు వచ్చే బాధ. నొప్పి తగ్గించే మందులు, తగిన వ్యాయామములతో చాలా మందికి శస్త్రచికిత్స లేకుండనే గుణము కలుగుతుంది.

గుండె ధమనులలో ఖటికము కథ వేరు. ధమని గోడలో కొవ్వు చేరి, తాప క్రియ జరిగి ఫలకము ఏర్పడిన చోట అది చేరుతుంది. సీటీ స్కానుతో లెక్కకట్టే కాల్షియం స్కోరు ధమనులలో ఫలకముల భారము ఎంతో సూచిస్తుంది. స్కోరు చూసి పాలు మానుట వలన ఫలము లేదు. పొగ మానాలి, రక్తపుపోటును, మధుమేహమును, కొలెస్టరాలును అదుపులో పెట్టుకోవాలి. స్టాటిన్ మందులు వాడేవారిలో ఫలకము గట్టిపడి స్కోరు కొంత పెరుగవచ్చును. మందు పనిచేయలేదని దానికి అర్థము కాదు. గట్టిపడిన ఫలకము మెత్తని ఫలకము కంటె సులభముగా చిట్లదు.

నివురుగప్పిన నిప్పు

ఇక రొమ్ము విషయము. 1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొన్నాడు. 1913లో బెర్లిను నగరములో ఆల్బర్ట్ సాలమన్ అనే శస్త్రవైద్యుడు, శస్త్రచికిత్సలో తొలగించిన సుమారు 3,000 రొమ్ములను ఎక్స్‌రే తీసి పరిశీలించాడు. కొన్ని కాన్సర్లలో సన్నని చుక్కలు అతని కంటబడినాయి. వాటి ప్రాముఖ్యము వైద్యలోకమునకు అర్థము కావడానికి మరి కొన్ని దశాబ్దములు పట్టింది. 1950 ప్రాంతములో ఉరుగ్వే దేశపు వైద్యుడు రౌల్ లెబోర్న్ ఈ సూక్ష్మ రేణువులకు, రొమ్ము కాన్సరుకు గల సంబంధమును స్పష్టముగా వివరించాడు. నేటి మామోగ్రామ్ పరీక్షలో వాటి కోసము ప్రత్యేకముగా వెదుకుతారు.

ఈ రేణువులు సాధారణముగా అర మిల్లీమీటరు కంటె చిన్నవి. ఆవగింజలో కొంత భాగమంత. చేతికి తగలవు, నొప్పి ఉండదు. రొమ్ములో కనిపించే ఖటికములో ఎక్కువ భాగము నిరపాయకరమైనదే. పాత ఫైబ్రోఎడినోమా గడ్డలో అది పేలాల వలె ముతకగా ఉంటుంది. ధమనుల గోడలలో రైలు పట్టాల వలె జంట గీతలుగా ఉంటుంది. దెబ్బ తగిలిన చోట కొవ్వు కరిగి ఏర్పడిన తిత్తి చుట్టూ గుడ్డు పెంకు వలె ఉంటుంది. ఒక మిత్రుని భార్య పేలాల వంటి ముద్ద ఉన్న నివేదికతో వారము రోజులు అన్నము మానివేసినది. బైరాడ్స్ 2 అని చదివి, అది ఏనాడో ఆరిన నిప్పని చెప్పిన తరువాత గాని ఆమె కుదుటపడలేదు.

సందేహింపవలసినవి వేరు. చిటికెడు ముగ్గుపిండి ఒక్క చోట చల్లినట్లు గుంపుగా ఉన్నవి, పగిలిన గాజుముక్కల వలె ఒకదానికొకటి పోలిక లేనివి, సన్నని గీతలై చెట్టుకొమ్మల వలె చీలినవి. క్షీరనాళము లోపల వేగముగా పెరిగే కణములు కొన్ని మరణించి, ఆ నాళపు ఆకారములోనే ఖటికము పోతపోసినట్లు మిగులుట వలన ఆ కొమ్మల రూపము వస్తుంది. నాళపు గోడ దాటని తొలి దశ కాన్సరు, అనగా డక్టల్ కార్సినోమా ఇన్ సైటు, చాలా సార్లు మామోగ్రామ్‌లో ఈ రేణువుల రూపములోనే మొట్టమొదట బయటపడుతుంది.

మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క వరస, తెనాలిలో ఉంటుంది. ఆమెకు అప్పటికి 61 సంవత్సరములు. బంధువుల గృహప్రవేశములో నా పక్కన భోజనమునకు కూర్చున్నది. వడ్డించేవారు పెరుగు తెస్తే విస్తరికి చేయి అడ్డుపెట్టినది. పెరుగు లేనిదే భోజనము చేసినట్లు కాదనే మనిషి ఆమె. కారణమడిగితే మెల్లగా చెప్పినది: "రొమ్ములో కాల్షియం చేరిందట తమ్ముడూ. పాలు, పెరుగు, బిళ్ళలు అన్నీ మానేసి నాలుగు నెలలైంది. స్కాను కూడా తీయించుకున్నాను, గడ్డలేమీ లేవన్నారు."

చేతులు కడుక్కున్న తరువాత ఆమె ఫోనులోని నివేదిక చూశాను. గుంపుగా ఉన్న, ఒకదానికొకటి పోలిక లేని సూక్ష్మ రేణువులు, బైరాడ్స్ 4బి, బయాప్సీ అవసరమని వ్రాసి ఉన్నది. ఆమెకు ఆ నివేదికను చదివి వివరించినవారు లేరు. 'కాల్షియం' అనే ఒక్క మాట ఆమెకు అర్థమయినది. అర్థమైన దానికి ఆమె తనకు తోచిన వైద్యము చేసుకున్నది. అల్ట్రాసౌండు స్కానులో గడ్డలు తెలుస్తాయి గాని, ఇంత సన్నని రేణువులు చాలా సార్లు కనిపించవని చెప్పాను.

"సూది పెడితే కదిలి పాకుతుందటగా రా?" అన్నది.

"పాకదు అక్కయ్యా. సూది పెట్టకపోతే అది ఏమిటో మనకు తెలియదు. తెలియనిదాన్ని పక్కన పెట్టుకుని ఎన్నాళ్ళు పెరుగు మానుకుంటావు?" అన్నాను.

ఆమె నవ్వలేదు. కాసేపు ఊరుకుని, "నువ్వు తోడొస్తావా?" అని మాత్రము అడిగినది.

పది రోజులలో బయాప్సీ జరిగినది. చర్మమునకు మత్తు ఇచ్చి, ఎక్స్‌రే చూపిన చోటికి సూదిని నడిపి, సన్నని కణజాలపు ముక్కలు తీశారు. తీసిన ముక్కలకు వెంటనే ఎక్స్‌రే తీసి తెల్లని రేణువులు వాటిలోకి వచ్చినాయో లేదో సరిచూశారు. ఈ సరిచూచుట చాలా ముఖ్యము. రేణువులు లేని ముక్కలు పరీక్షిస్తే వచ్చే 'కాన్సరు లేదు' అన్న మాటకు విలువ తక్కువ. ఫలితము నాళము దాటని కాన్సరని వచ్చినది. రొమ్మును నిలుపుతూ ఆ భాగమును మాత్రము తొలగించారు. తరువాత కొన్ని వారములు రేడియేషన్ ఇచ్చారు. కీమోథెరపీ అవసరపడలేదు. ఈ దశలో పట్టుబడిన వ్యాధికి ఫలితములు చాలా బాగుంటాయి. అటువంటి కాన్సర్లన్నీ గోడ దాటుతాయని చెప్పలేము. ఏది దాటుతుందో ముందుగా చెప్పే సాధనము కూడ మనకు లేదు. అందువలన కనిపించినదానిని తేల్చుకొనుటే వివేకము. ఆమె ఇప్పుడు ఏటేటా మామోగ్రామ్ చేయించుకుంటున్నది, విందులలో పెరుగు అడిగి వేయించుకుంటున్నది.

నివేదిక చేతికి వచ్చినపుడు

మామోగ్రామ్ నివేదిక చివర బైరాడ్స్ అనే అంకె ఉంటుంది. 0 అంటే ఇంకా చిత్రములు కావాలని అర్థము. 1 అంటే ఏమీ కనిపించలేదని. 2 అంటే కనిపించినది నిరపాయకరమని. 3 అంటే కాన్సరు అవకాశము 2 శాతమునకు మించదు. సాధారణముగా 6 నెలలకు మరల చూస్తారు. 4 అంటే సందేహము ఉన్నది, కణపరీక్ష కావాలి. దీనిలో ఏ, బీ, సీ అని మెట్లు ఉంటాయి. 4ఏలో కాన్సరు అవకాశము 10 శాతము లోపు, 4బీలో 10 నుండి 50 శాతము. 5 అంటే అవకాశము 95 శాతము గాని అంతకు మించి గాని. 6 అంటే కణపరీక్షలో కాన్సరని ముందే నిర్ధారణ అయినదని. 'కాల్సిఫికేషన్' అన్న మాట దగ్గర ఆగిపోక, ఈ అంకె వరకు చదవండి, చదవలేకపోతే చదివించుకోండి.

మామోగ్రామ్‌కు వెళ్ళేనాడు చంకలకు, రొమ్ములకు పౌడరు, డియోడరెంట్, లేపనములు పూసుకోవద్దు. వాటిలోని ఖనిజపు రేణువులు చిత్రములో ఖటికము వలె కనిపించి లేనిపోని కలవరమునకు దారితీస్తాయి.

వైద్యుని సలహా లేకుండ కాల్షియం మానవద్దు. భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు ప్రకారము పెద్దవారికి దినమునకు 1,000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1,200 మిల్లీగ్రాముల ఖటికము అవసరము. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు మనకు అందుబాటులో ఉన్నవే. ఆ అవసరము తీరనప్పుడు శరీరము ఎముకల నుండి ఖటికమును తీసుకుంటుంది. దాని ఫలితము తుంటి విరిగిననాడు తెలుస్తుంది. మూత్రపిండముల వ్యాధి, మూత్రములో రాళ్ళు, రక్తములో ఖటికము ఎక్కువగా ఉన్నవారి సంగతి వేరు. వారికి కొలతలు వారి వైద్యుడే చెప్పాలి.

చివరగా ఒక చిన్న మనవి. పాత ఎక్స్‌రేలు, మామోగ్రామ్‌లు, స్కానుల ఫిల్ములను, సీడీలను పారవేయకండి. పేరు, తేదీ కనిపించేటట్లు ఒక సంచిలో భద్రపరచండి. ఏ చుక్క ఏండ్ల తరబడి మారలేదో, ఏది కొత్తగా వచ్చినదో, ఏది సంఖ్యలో పెరుగుతున్నదో పోల్చి చూడటానికి వాటిని మించిన సాధనము లేదు. మారని చుక్కకు మీకు ధైర్యము చెప్పవచ్చును. మారిన చుక్కకు సకాలములో వైద్యము చేయవచ్చును. ఆ సంచి మీ బీరువాలో ఎక్కడ ఉన్నదో ఇంటిలో మరొకరికి కూడ చెప్పి ఉంచండి.